పండగ బొమ్మల పుస్తకాలూ పిల్లల చేతిపనులూ

పండగ బొమ్మల పుస్తకం అంటే ఏదో ఒక పండగ చుట్టూ అల్లిన చిన్న కథని ఎక్కువ బొమ్మలతో, తక్కువ మాటలతో చెప్పే పుస్తకం. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకూ ఉన్న పిల్లలకి పెద్దవాళ్లు దాన్ని చదివి వినిపిస్తారు. చదివాకో, చదువుతూ మధ్యలోనో, ఆ కథలోంచి పుట్టిన వస్తువొకటి పిల్లల చేతే చేయిస్తారు. అది మట్టి బొమ్మ కావచ్చు, కాగితం పతంగి కావచ్చు, పూల దొంతర కావచ్చు. పూర్వ ప్రాథమిక విద్యలో ఇది బాగా వేళ్లూనుకున్న పద్ధతి. తెలుగు పండగల్లో, అందులోనూ హైదరాబాదు నడిబొడ్డున ఉన్న యూసుఫ్‌గూడ లాంటి పేటలో, ఈ పద్ధతికి ఎంత చోటుందో, ఏ పండగకి ఏ పని నప్పుతుందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగింట పాత అలవాటు

మన దగ్గర కథకీ చేతిపనికీ పొత్తు ఈనాటిది కాదు. వినాయక చవితి పూజనే తీసుకోండి. పొద్దున్నే పిల్లలు పత్రి వేరుచేస్తారు. పాలవెల్లికి మొక్కజొన్న పొత్తులు, వెలక్కాయలు, సీతాఫలాలు కడతారు. మట్టి వినాయకుడికి గురివింద గింజలతో కళ్లు పెడతారు. పూజ చివర ఇంటి పెద్ద వ్రతకల్పం పుస్తకం తెరిచి కథ చదువుతుంటే పిల్లలు గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని వింటారు. కథ పూర్తయ్యాక అవి తల మీద వేసుకుంటే, ఆ రాత్రి చంద్రుణ్ణి చూసినా నీలాపనిందలు రావని నమ్మకం. బడి పుస్తకాలకి పసుపు కుంకుమ పెట్టి దేవుడి ముందు ఉంచేదీ ఆ రోజే. పుస్తకం, కథ, చేతిపని, ఉండ్రాళ్లు అన్నీ ఒక్క పీట చుట్టూనే నడుస్తాయి.

ఇంతకంటే ముచ్చటైన విషయం ఆ కథలోనే ఉంది. పార్వతీదేవి నలుగుపిండితో పిల్లవాడి బొమ్మ చేసి ప్రాణం పోయడంతోనే వినాయకుడి కథ మొదలవుతుంది. తల్లి చేతుల్లో ముద్ద బొమ్మగా మారడమే కథకి ఎత్తుగడ. పిల్లల చేతిపనికి ఇంతకు మించిన పీఠిక ఏ దేశపు పుస్తకంలోనూ దొరకదు. అయితే వ్రతకల్పం పుస్తకం పెద్దల కోసం రాసింది. భాష గ్రాంథికం, అక్షరాలు చిన్నవి, బొమ్మలు తక్కువ. నాలుగేళ్ల పిల్ల కూర్చుని వినగలిగినంత కథని, వేలు పెట్టి చూపించగలిగిన బొమ్మలతో ఇవ్వడమే పండగ బొమ్మల పుస్తకం చేయాల్సిన పని.

తెలంగాణ పల్లెల్లో బతుకమ్మకి ముందు ఆడపిల్లలు బొడ్డెమ్మ ఆడతారు. భాద్రపద బహుళ పంచమి నుంచి పెత్రమాస దాకా సాగే ఈ పండగలో పీట మీద మట్టిని దొంతరలుగా పేర్చి బొడ్డెమ్మని చేసి, పూలు గుచ్చి, చుట్టూ తిరుగుతూ పాడతారు. పెద్దల బతుకమ్మకి ఇది పిల్లల చేతులతో జరిగే తయారీ. కోస్తా జిల్లాల్లో ధనుర్మాసమంతా పిల్లలు ఆవుపేడతో చిల్లు పెట్టిన చిన్న చిన్న పిడకలు చేసి, ఎండబెట్టి, దండ గుచ్చి భోగి మంటలో వేస్తారు. వీధిబడుల రోజుల్లో దసరా వస్తే పిల్లలు రంగు కాగితాలు చుట్టిన విల్లంబులు పట్టుకుని, పంతులుగారి వెంట ఇంటింటికీ వెళ్లి పద్యాలు పాడేవారు. ఇంటివాళ్లు పంతులుగారికి దక్షిణ, పిల్లలకి పప్పుబెల్లాలు ఇచ్చేవారు. ఇవన్నీ కథో పాటో తోడుగా సాగిన చేతిపనులే.

బొమ్మల్లో కథ చెప్పడమూ ఇక్కడి విద్యే. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు గుడ్డకి చింతగింజల జిగురు, సుద్ద పూసి, దాని మీద వరసగా కథ గీస్తారు. కథకుడు ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ చెప్పుకుపోతాడు. పేజీ తిప్పితే తరవాతేమిటన్న ఆత్రం పిల్లల్లో ఎలా పుడుతుందో, పటం విప్పుతుంటే ఊరి జనంలో అలాగే పుట్టేది.

బయటి ప్రపంచంలో

పిల్లల కోసం బొమ్మలతో అచ్చయిన తొలి పుస్తకంగా చాలామంది చెప్పేది 1658లో చెక్ విద్యావేత్త కొమేనియస్ తెచ్చిన ‘ఆర్బిస్ పిక్టస్’. చేతిపనిని బడిలోకి పద్ధతిగా తెచ్చినవాడు జర్మనీకి చెందిన ఫ్రోబెల్. 1837లో బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల బడి తెరిచి కాగితం మడవడం, అల్లడం, మట్టి పిసకడం వంటి పనులకి అక్షరాలతో సమానమైన స్థానం ఇచ్చాడు. మూడేళ్ల తరవాత దానికే కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు.

ఈ రెండు పాయల్నీ కలిపింది ఇరవయ్యో శతాబ్దపు బొమ్మల పుస్తకం. అమెరికాలో ఎజ్రా జాక్ కీట్స్ 1962లో ‘ది స్నోయీ డే’నీ, ఎరిక్ కార్ల్ 1969లో ‘ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్’నీ కాగితం ముక్కలు కత్తిరించి అతికించిన బొమ్మలతో చేశారు. కార్ల్ అయితే పల్చటి కాగితానికి తనే రంగులు పూసి, ఆ రంగు కాగితాల్నే కత్తిరించేవాడు. ఆ పుస్తకం చూసిన పిల్లకి ఈ బొమ్మ తనూ చేయగలననిపిస్తుంది. పండగ పుస్తకం ఎంచుకునేటప్పుడు చూడాల్సిన గుణం ఇదే. కంప్యూటర్లో నిగనిగలాడేలా చేసిన బొమ్మకంటే, చేతి జాడ కనిపించే బొమ్మ పిల్లని పనిలోకి దింపుతుంది.

మన దేశంలో టాగూర్ ‘సహజ్ పాఠ్’కి 1930లో నందలాల్ బోస్ వేసిన లినోకట్ బొమ్మలు ఆ తోవలో ఎప్పటికీ చెప్పుకోదగ్గవి. గుజరాత్‌లో గిజుభాయి బధేకా భావనగర్ బాలమందిరంలో కథనీ ఆటనీ చేతిపనినీ చదువుకి మూలంగా నిలిపాడు. ఆయన ‘దివాస్వప్న’ తెలుగు ఉపాధ్యాయులూ చదువుకున్న పుస్తకం.

పుస్తకాన్ని పిల్లలకి ఎలా చదవాలన్నదాని మీద అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన పరిశోధనని ఇప్పటికీ ఉదాహరిస్తారు. ఊరికే చదువుకుంటూ పోకుండా మధ్యలో ఆగి, అవునూ కాదూ అని తేలిపోని ప్రశ్నలు అడిగి, పిల్ల చెప్పినదానికి ఇంకో మాట కలిపి చదివిన ఇళ్లలో పిల్లలకి మాట్లాడే శక్తి ఎక్కువగా పెరిగిందని అందులో తేలింది. చేతిలో మట్టి ముద్ద ఉంటే అలాంటి ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. ‘తొండం ఎటు తిప్పుదాం?’ అని అడిగితే ఎవరూ అవును అని ఊరుకోలేరు.

తెలుగు పుస్తకాల దారి

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే రేడియో అన్నయ్య, అక్కయ్య, 1945లో మద్రాసు నుంచి ‘బాల’ పత్రిక తెచ్చారు. రెండేళ్లకి 1947 జులైలో ‘చందమామ’ వచ్చింది. చందమామ కథకి బొమ్మని తోడు చేసిన తీరు కొన్ని తరాల తెలుగు పిల్లల కంటికి రుచి నేర్పింది. అన్నయ్య, అక్కయ్య నడిపిన ఆంధ్ర బాలానంద సంఘం తరవాత హైదరాబాదుకి వచ్చి నారాయణగూడలో స్థిరపడింది. కథ, పాట, నాటిక, చేతిపని ఒకే కప్పు కింద నడపడం ఈ నగరంలో అలా చిరకాలంగా ఉంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌దీ ఆ వరసే.

అయితే పత్రిక వేరు, బొమ్మల పుస్తకం వేరు. అక్షరాలు రాని పిల్ల ఒళ్లో కూర్చుని చూసే పుస్తకాలు తెలుగులో మొదట ఎక్కువగా బయటి నుంచే వచ్చాయి. మాస్కోలో అచ్చయి, విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన సోవియట్ బొమ్మల పుస్తకాలు ఒక తరానికి తియ్యటి జ్ఞాపకం. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతోనూ, చెన్నైలో 1996లో మొదలైన తూలిక, బెంగళూరులో 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ తమ తమ పద్ధతుల్లోనూ తెలుగులో బొమ్మల పుస్తకాలు తెచ్చాయి. హైదరాబాదులో మంచి పుస్తకం సంస్థ పాత సోవియట్ పుస్తకాలకి మళ్లీ ప్రాణం పోయడమే కాక, పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం నేర్పే అరవింద్ గుప్తా పుస్తకాల్ని తెలుగులోకి తెచ్చింది. అగ్గిపుల్లలు, పాత సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టించిన ఆయనకి 2018లో పద్మశ్రీ వచ్చింది. పండగ చేతిపనులకి ఖర్చు పెట్టాలనుకునేవాళ్లు ముందు ఆయన పుస్తకం ఒక్కటి తిరగేస్తే సగం సామాను కొననక్కర్లేదని తెలుస్తుంది.

2015 సెప్టెంబరు 8న ప్రథమ్ బుక్స్ తెరిచిన స్టోరీవీవర్ ఈ రంగంలో పెద్ద మలుపు. అందులోని కథల్ని ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, దించుకుని అచ్చు తీసుకోవచ్చు, తెలుగులోకి మార్చుకోవచ్చు, అక్కడున్న బొమ్మలతో కొత్త కథే అల్లుకోవచ్చు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంచినవి కాబట్టి రాసినవాళ్ల పేరూ బొమ్మ వేసినవాళ్ల పేరూ చెబితే చాలు. హైదరాబాదు కవయిత్రి శ్రీదళ స్వామి రాసి, ప్రియా కురియన్ బొమ్మలు వేసిన ‘సుశీలాస్ కోలమ్స్’ ప్రథమ్ పుస్తకమే. ముగ్గులంటే ప్రాణమైన పిల్ల కథ అది.

ఇన్ని వచ్చినా ఒక వెలితి మిగిలే ఉంది. దీపావళి మీద, గణపతి మీద, హోలీ మీద ఇంగ్లీషులో పుస్తకాలు వరసగా వస్తున్నాయి. బొడ్డెమ్మ మీద, భోగిపళ్ల మీద, బోనాల మీద, అట్లతద్ది మీద చిన్నపిల్లలకి పనికొచ్చే తెలుగు బొమ్మల పుస్తకం కావాలని దుకాణానికి వెళ్లినవాళ్లు చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగిరావలసి వస్తోంది.

యూసుఫ్‌గూడ

అమీర్‌పేట దాటి పడమరగా వెళ్తే మధురానగర్ పక్కన యూసుఫ్‌గూడ. ఒకవైపు కృష్ణానగర్, ఇంకోవైపు రహ్మత్‌నగర్, బోరబండ, వెంగళరావునగర్. 1962లో ఇక్కడికి వచ్చిన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ, ఇప్పటి నిమ్స్‌మే, పేటకి పాత గుర్తు. ప్రత్యేక పోలీసు మొదటి బెటాలియన్, కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం, మాజీ గవర్నరు కృష్ణకాంత్ పేరు మీద ఉన్న పార్కు ఇక్కడివే. 2019 మార్చి 20న మెట్రో నీలి మార్గం అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వైపు సాగినప్పుడు యూసుఫ్‌గూడకీ స్టేషను వచ్చింది. మధురానగర్ వైపు స్టేట్ హోమ్ ఆవరణలో తల్లిదండ్రుల తోడు లేని చిన్నపిల్లల్ని ప్రభుత్వం పెంచే శిశువిహార్ ఉంది.

ఈ పేటకి ఈ వ్యాసంలో చోటెందుకంటే, ఇక్కడి గల్లీల్లో ఏడాది పొడుగునా ఎవరిదో ఒకరి పండగ నడుస్తూనే ఉంటుంది. సినిమా పని వెతుక్కుంటూ గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి కృష్ణానగర్‌లో అద్దెకున్నవాళ్లు, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, తరాలుగా ఉన్న ముస్లిం కుటుంబాలు, క్రైస్తవ కుటుంబాలు పక్కపక్క వాటాల్లో ఉంటారు. ఒకే బాల్వాడీ గదిలో భోగిపళ్లు పోయించుకున్న పిల్లాడూ, బతుకమ్మ ఆడిన పిల్లా, సేమ్యా తినొచ్చిన పిల్లా ఉంటారు. ఎవరింటి పండగైనా పుస్తకంలో చూసి, చేత్తో చేస్తే మిగతావాళ్లకీ అది పరాయిది కాకుండా పోతుంది.

ఇక్కడ చోటు తక్కువ. పేడ దొరకదు, ముగ్గు పెట్టే వాకిలి అందరికీ ఉండదు. చేతిపని జరిగేది వంటింటి గడప దగ్గర, డాబా మీద, అపార్టుమెంటు సెల్లార్లో, ఆదివారం పొద్దున పార్కులో. కాబట్టి ఇక్కడ పనికొచ్చే పద్ధతి పాత న్యూస్‌పేపరు పరిస్తే సరిపోయేది, అరగంటలో ముగిసేది, చీపురుతో శుభ్రం చేసుకోగలిగేది కావాలి. దసరాకి, సంక్రాంతికి బడులకి వరస సెలవులు వస్తాయి. సగం మంది ఊళ్లకి వెళ్తారు. వెళ్లలేనివాళ్ల పిల్లలు ఆ రోజుల్లో టీవీ ముందో ఫోను ముందో ఉండిపోతారు. పుస్తకం, మట్టి ముద్ద ఎక్కువ అవసరమయ్యేది వాళ్లకే.

పండగ వారీగా

వినాయక చవితి. చవితి ముందు రోజు రోడ్డు పక్కనే మట్టి విగ్రహాలు, పత్రి, పాలవెల్లి చెక్కలు అమ్ముతారు. కుమ్మరుల దగ్గర ఉత్త బంకమట్టి కూడా అడిగి తెచ్చుకోవచ్చు. కథని రెండు ముక్కలుగా చదవడం మంచిది. పార్వతి బొమ్మ చేసే దాకా చదివి ఆపండి. పిల్లలు కూడా గోధుమపిండి, పసుపు కలిపిన ముద్దతో పిల్లవాడి బొమ్మ చేస్తారు. మామూలు పిల్లవాడే, తొండం ఉండదు. ఆ తరవాత శివుడు వచ్చే ఘట్టం చదివితే, తాము చేసిన బొమ్మకి ఏమవుతుందోనని పిల్లలు కళ్లప్పగించి వింటారు. ఏనుగు తల పెట్టే చోటికి వచ్చేసరికి తల మార్చే పని వాళ్లదే. ఈ క్రమంలో చేస్తే చేతిపని కథ పక్కన ఉండదు, కథలోకే వచ్చేస్తుంది. మొదటే అచ్చులో పోసిన వినాయకుడికి రంగులు వేయమంటే ఇదంతా పోతుంది. కుమారస్వామితో పందెం కథ అయితే ఇంకా తేలిక. గదిలో అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి మూడు చుట్లు తిరగడమే.

బొడ్డెమ్మ, బతుకమ్మ. 2014లో రాష్ట్ర పండగగా ప్రకటించిన బతుకమ్మకి తంగేడు, గునుగు, బంతి, చామంతి, సీతజడ కావాలి. పూల కోసం నగరంలో చాలామంది గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్తారు. పెద్ద బతుకమ్మని పేర్చడం పెద్దవాళ్ల పని. తాంబాళంలో గుమ్మడాకు పరిచి, వరస మీద వరస పేర్చుకుంటూ, ప్రతి వరసనీ కాస్త లోపలికి జరుపుతూ శిఖరం దాకా తేవాలి. నాలుగేళ్ల వేళ్లకి అది కుదరదు. వాళ్లకి బొడ్డెమ్మే సరైన కొలత. చిన్న పీట మీద మూడు మట్టి రొట్టెల్ని పెద్దది, మధ్యది, చిన్నది అన్న వరసలో పెట్టి, మెత్తగా ఉండగానే పూల కాడలు గుచ్చమంటే చాలు. గునుగు పూల కొసల్ని రంగునీళ్లలో ముంచి ఆరబెట్టే పని పిల్లలకి ఇవ్వండి. తెల్లటి పువ్వు ఎర్రగా, నీలంగా మారుతుంటే మళ్లీ మళ్లీ ముంచుతారు. చేతులకి అంటిన రంగు రెండు రోజులు పోదు, పోనక్కర్లేదు కూడా. దీనికి సరిపడే పుస్తకం దొరక్కపోతే ఆ తొమ్మిది రోజులూ పిల్లలు రోజుకో పేజీ చొప్పున గీసిందే పుస్తకం. ఎంగిలిపూల రోజున మొదటి పేజీ, సద్దుల నాడు చివరి పేజీ. పక్కన ఆ రోజు పెట్టిన సత్తుపిండో పులిహోరో పేరు రాస్తే చదవడమూ మొదలవుతుంది.

సంక్రాంతి. హైదరాబాదులో ఇది పతంగుల పండగ. ధూల్‌పేటలో నెలల ముందు నుంచే పతంగులు తయారవుతాయి. పెద్ద పిల్లలు డాబాల మీద చరక్ పట్టుకుని పేంచ్ వేస్తుంటే చిన్నపిల్లలు అందక ఏడుస్తారు. వాళ్లకి ఇవ్వాల్సింది ఎగరేసే పతంగి కాదు, పరుగెత్తే పతంగి. పాత శుభలేఖని ఎదురుమూలల ఆకారంలో కత్తిరించి, క్రేప్ కాగితం తోక అతికించి, మామూలు నూలుదారం కట్టి ఇస్తే సెల్లార్లో ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తుతారు. మాంజా జోలికి వెళ్లొద్దు. పక్షులకీ మనుషులకీ ప్రాణాంతకమైన నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. ముగ్గులకి ‘సుశీలాస్ కోలమ్స్’ చదివి, నల్ల చార్టు మీద చుక్కలు మీరు పెట్టి, గీతలు పిల్లల్ని కలపనివ్వండి. మెలికల ముగ్గులో గీత చుక్కని తాకకుండా చుట్టి రావాలి. ఆరేళ్ల పిల్లకి రాయడానికి ముందు కావలసిన చేతి అదుపంతా అందులో ఉంది. భోగి పిడకల దండని పేడ లేని చోట మట్టి బిళ్లలతో చేసి ఎండబెట్టవచ్చు. మంటలో వేయకుండా గుమ్మానికి కట్టుకుంటే చాలు.

బొమ్మల కొలువు గురించి కొంచెం ఆగి చెప్పాలి. కొందరు సంక్రాంతికి, కొందరు దసరాకి పెట్టే ఈ కొలువు నిజానికి మెట్ల మీద పరిచిన బొమ్మల పుస్తకం. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మల్ని ఒక కథ వరసలో పెడతారు. ఒక మెట్టు పూర్తిగా పిల్లలకి వదిలేస్తే, అట్టపెట్టెలతో ఇల్లు, అగ్గిపెట్టెలతో రైలు, మెట్రో స్టేషను కూడా వచ్చి చేరతాయి. పేరంటానికి వచ్చినవాళ్లకి ఆ మెట్టు కథ పిల్లల చేతే చెప్పించండి.

రంజాన్. ఫౌజియా గిలానీ విలియమ్స్ రాసిన ‘ఇస్మత్స్ ఈద్’ తూలిక వేసిన హాస్య కథ. పండగకి కొన్న ప్యాంటు పొడుగైపోయింది, కత్తిరించి కుట్టమంటే ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. తీరా ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి అందరూ కత్తిరించేసరికి అది పొట్టిదైపోతుంది. దీనికి చంద్రవంకలు కత్తిరించడం కంటే మంచి పని, ప్రతి పిల్లకీ న్యూస్‌పేపరు ప్యాంటు ఒకటి ఇచ్చి కథలో ఎవరైనా కత్తెర పట్టినప్పుడల్లా ఒక పట్టీ కత్తిరించమనడం. చివరికి ఎంత మిగిలిందో పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వూ, కొలతా రెండూ వస్తాయి.

బోనాలకి చిన్న గురిగి మీద పసుపు, సున్నంతో చుక్కలు పెట్టించి వేపకొమ్మ కట్టించవచ్చు. దీపం మాత్రం పెద్దవాళ్లే పెట్టాలి. దీపావళికి మట్టి ప్రమిదలు చేయించడం అందరికీ తెలిసిందే. విదేశాల్లో తెలుగు పిల్లలకి రచనా గిల్మోర్ 1994లో రాసిన ‘లైట్స్ ఫర్ గీత’ దగ్గరగా ఉంటుంది. కొత్త దేశంలో దీపావళి నాడు మంచు తుఫానుకి కరెంటు పోయిన ఇంటి కథ అది. గది చీకటి చేసి చదివితే ఇంకా బాగుంటుంది. 2007 నుంచి అమెరికాలో నడుస్తున్న సిలికానాంధ్ర మనబడి లాంటి తెలుగు తరగతులకి ఇలాంటి జోడీలు బాగా అవసరం. క్రిస్మస్‌కి దూది మంచు అతికించే పని మానుకోవచ్చు. పశువుల పాక మన పిల్లలకి చెప్పకుండానే తెలుసు. గడ్డి, అట్టముక్కలు, మట్టి గొర్రెపిల్లలు చాలు. హోలీకి మోదుగ పూలు నానబెట్టి తీసిన పసుప్పచ్చ రంగు, ఉగాదికి మామిడాకుల తోరణం ఉండనే ఉన్నాయి.

ఎలా చేయించాలి

కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసుని ఒకే దశగా తీసుకుని ఆటనీ కథనీ బొమ్మనీ చదువుకి మధ్యలో పెట్టింది. మరుసటేడు ఫిబ్రవరిలో వచ్చిన జాదూయీ పిటారా పెట్టెలో ఆట బొమ్మలు, పజిళ్లు, కథల పుస్తకాలు కలిపి ఇచ్చారు. 1975 నుంచి నడుస్తున్న అంగన్‌వాడీలకి ఇది అనుకూలమైన వాతావరణం. అయితే పెట్టె వచ్చినంత మాత్రాన పని జరగదు. టీచరు గొంతు, తీరిక ముఖ్యం.

మూడేళ్లవాళ్లకి ఒక్క పని చాలు, చించడమో ముంచడమో పిసకడమో. అయిదేళ్లవాళ్లు కత్తిరిస్తారు, అతికిస్తారు, ఏ రంగు కావాలో పేచీ పెడతారు. ఏడేళ్లవాళ్లు కథనే మారుస్తారు, మార్చనివ్వాలి. జిగురు కోసం ఫెవికాల్ డబ్బా కొనేముందు మైదాపిండి ఉడకబెట్టిన జిగురు గుర్తు చేసుకోండి, నోట్లో వేలు పెట్టుకునే వయసుకి అది నిశ్చింత. గురివింద గింజలు విషం. వినాయకుడి కళ్లకి పెట్టేటప్పుడు చిన్నపిల్లలకి అందనివ్వొద్దు, వాళ్ల బొమ్మలకి మిరియాలో మినుములో పెట్టుకోవచ్చు. చమ్కీలు, థర్మాకోల్ వాడితే చివరికి అవి నాలాలోకీ చెరువులోకీ వెళ్తాయి.

అన్నిటికంటే ఎక్కువగా కనబడే లోపం అచ్చు వేసిన నమూనా. ముప్పై మంది పిల్లల చేత ముప్పై ఒకేలాంటి కాగితం బతుకమ్మలు చేయించి, టీచరు సరిచేసి, ఫొటో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టడాన్ని చేతిపని అనలేం. అందులో పిల్ల నిర్ణయించింది ఏదీ లేదు. వంకర తొండం, ఒకవైపు ఒరిగిన బొడ్డెమ్మ, ఆకుపచ్చ చందమామ పిల్లవే. అలాగే పుస్తకాన్ని పనికి ముందు మాటగా గబగబా చదివేయడమూ తప్పే. కథ రెండోసారి వినాలని పిల్ల అడిగితే, ఆ రోజుకి చేతిపని మానేసి కథే చదవండి.

ఏటా జరిగే హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో పిల్లల పుస్తకాల దుకాణాలు ఉంటాయి, స్టోరీవీవర్‌లో పైసా ఖర్చు లేకుండా తెలుగు కథలు దొరుకుతాయి. వచ్చే సంక్రాంతికి ఇంట్లో పిల్లల కోసం ఒక్క పండగ పుస్తకం తెచ్చుకోండి. మీ పండగకి పుస్తకం దొరక్కపోతే పాత శుభలేఖలు ఎనిమిది కలిపి కుట్టి, పిల్లల చేత బొమ్మలు వేయించి, వాళ్లు చెప్పిన మాటలు చెప్పినట్టే కింద రాయండి. అది పక్క వాటాలో పిల్లలకీ చదివి వినిపించండి.